ఆ నల్లగోడ మీద పేర్ల వరస

వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం ఫొటో పెట్టి, నల్లరాయి మీద యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల పేర్లు 58 వేలు చెక్కించారంతే, ఇందులో డిజైన్ ఏముంది, దుఃఖం ఏముంది, కనీసం అక్షరక్రమంలోనైనా పెట్టలేదు అంటూ ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఫొటోలో చూస్తే అది నిజంగానే పేర్ల పట్టీలా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చేసి బతికేవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

అక్షరక్రమం సంగతి ముందు. అలా పెడితే స్మిత్ ఇంటిపేరువాళ్లే 600 మందికి పైగా ఒకచోట కుప్పపడేవారు. అందులో మీవాడెవడు? 1981 పోటీలో 1,421 నమూనాల్లోంచి నెగ్గిన మాయా లిన్, అప్పటికి 21 ఏళ్ల విద్యార్థిని, పేర్లను నేలకూలిన తేదీల వరసలో పేర్చింది. ఒకే రోజు ఒకే పోరులో పడినవాళ్లు గోడ మీదా దగ్గరదగ్గరే ఉంటారు. బతికి వచ్చినవాడు తనవాళ్లను జానెడు రాతిలో చూసుకుంటాడు. పైగా ఆ వరస గోడ చివర మొదలవదు. రెండు గోడలు కలిసే మూలలో మొదలై కుడివైపు చివరిదాకా పోయి, ఎడమ చివర మళ్లీ అందుకుని అదే మూలకు వచ్చి ఆగుతుంది. అలా వరస మొదలైన 1959 పక్కనే అది ముగిసిన 1975 ఉంటుంది. పేరు వెతుక్కోవడానికి అక్షరక్రమంలో పుస్తకాలు అక్కడే ఉంటాయి.

నలుపు మీద గోల పాతదే. ఆ యుద్ధంలో పోరాడిన టామ్ కార్‌హార్ట్ 1981లోనే దాన్ని అవమానపు నల్లగాటు అన్నాడు. రాయి మన బెంగళూరు వైపు గ్రానైటే. నునుపు పెట్టిన నలుపులో పేరు చదువుతుంటే దాని మీద మన మొహమే కనిపిస్తుంది.

ఫాంట్ ఏదైనా ఒకటేనని కూడా ఆ పోస్టులో ఉంది. అక్కడున్నది ఆప్టిమా. 1950లో హెర్మన్ జాఫ్ అనే అక్షర రూపకర్త ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న శాంటా క్రోచే చర్చి నేలలో పరిచిన సమాధి పలకలు చూసి, వెయ్యి లీరాల నోటు మీద గీసుకున్న అక్షరాలే దానికి మూలం. గోడ మీద అక్షరం ఎత్తు అర అంగుళానికి కాస్త ఎక్కువ, దగ్గరికి పోతేనే చదవగలం. (మా ఫ్లెక్సీల్లో పోయినాయన కంటే నాయకుల బొమ్మలే పెద్దవి!)

ఇక దుఃఖం. పేరు పక్కన వజ్రం గుర్తుంటే మరణం ఖాయమైనట్టు, కూడిక గుర్తుంటే ఆచూకీ తెలియనట్టు. అస్థికలు దొరికితే కూడిక మీద వజ్రం చెక్కుతారు. ప్రాణాలతో తిరిగొస్తే కూడిక చుట్టూ సున్నా చుట్టాలని పెట్టుకున్నారు. ఆ సున్నా ఇంతవరకు ఒక్కటీ చెక్కలేదు.