అమ్మకు యంత్రం వద్దు, నూనె డబ్బా చాలు

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో ఈ మధ్య ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒక మాట తప్పకుండా వస్తోంది. హైదరాబాదులో ఉన్న అమ్మానాన్నలకు కాలక్షేపం అవుతుంది, శుభ్రమైన ఆకుకూరా దొరుకుతుంది కాబట్టి, మట్టి లేకుండా నీటిలోనే మొక్కలు పెంచే, వంటగట్టు మీద పెట్టుకొనే హైడ్రోపోనిక్ యంత్రాన్ని ఈసారి సూట్‌కేసులో పెట్టుకు వెళ్దామని. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టలేను, ఎందుకంటే రెండేళ్ళ క్రితం నేనూ అదే పని చేశాను. ఇప్పుడు మాత్రం వద్దనే చెబుతున్నాను. వంటింట్లో ఖాళీ అయిన 15 లీటర్ల ప్లాస్టిక్ నూనె డబ్బా ఆ పనిని ఇంకా బాగా చేస్తుంది.

నేను తీసుకువెళ్ళిన యంత్రం మలక్‌పేటలోని మా ఫ్లాటులో ఒక్క నిమిషం కూడా పనిచేయలేదు. అది 120 వోల్టులకు చేసినది, అక్కడి కరెంటు 230 వోల్టులు. అడాప్టరు మీది చిన్న అక్షరాలు చదవకపోవడం నా తప్పే. అడాప్టరు మార్చినా దానికి సరిపడే విత్తనాల గుళికలు అక్కడి కొట్లలో దొరకవు. వాటిని మనం మోసుకువెళ్ళడమూ కుదరదు, ఎందుకంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనాలను భారతదేశంలోకి తేవాలంటే దిగుమతి అనుమతీ, వాటికి తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ ధ్రువపత్రమూ ఉండాలి. చివరికి ఆ యంత్రపు తెల్లటి డబ్బాలో అమ్మ మందుల చీటీలు దాచుకొంటోంది.

నిజానికి అమ్మకు కావలసింది యంత్రం కాదు. మూసీ దిగువన మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండిస్తారని తెలిసినప్పటినుంచి, బండి మీద కొన్న తోటకూరను ఆమె నాలుగుసార్లు కడిగినా తృప్తిగా తినలేకపోయింది. ఆ అనుమానం తీరడానికి విద్యుత్తుతో గానీ పంపుతో గానీ పని లేదు.

మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో మొక్కను పెంచే ప్రయోగాలు జర్మనీలో 1860 ప్రాంతంలోనే జరిగాయి. దానికి హైడ్రోపోనిక్స్ అన్న పేరును 1937లో ప్రచారంలోకి తెచ్చినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని విలియం గెరికె. మరుసటి ఏడే అదే విశ్వవిద్యాలయానికి చెందిన హోగ్లండ్, ఆర్నన్ ఇద్దరూ పరీక్షించి, సారవంతమైన నేలకన్నా ఇందులో దిగుబడి అద్భుతంగా ఏమీ పెరగదని తేల్చారు. యంత్రాల ప్రకటనలు చూసి ఉత్సాహపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1946లో కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ మొదలుపెట్టిన పద్ధతి కూడా ఖరీదైన సరంజామా లేకుండా సామాన్యులు చేసుకోగలిగేదే. మా ఇంట్లో చేసినది హవాయీ విశ్వవిద్యాలయపు బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి. ఇందులో నీరు కదలదు, మోటారు ఉండదు.

నూనె డబ్బాను సబ్బు పొడి వేసిన వేడినీళ్ళతో జిడ్డు పోయేదాకా కడిగి, మూత బిగించి, వెడల్పు వైపు నేలకు ఆనేలా పడుకోబెట్టాను. పైకి వచ్చిన వైపున, కాల్చిన పాత అట్లకాడ మొనతో నాలుగు గుండ్రటి రంధ్రాలు చేశాను (ఈ పని బాల్కనీలోనే చేయాలి, ఆ వాసన ఇల్లంతా పట్టుకొంటే సాయంత్రానికి గానీ పోదు). ఆ రంధ్రాల్లో అంచు ఆనేలా చిన్న పెరుగు కప్పులు దింపాను. వాటి అడుగునా, చుట్టూ సూదితో చిల్లులు పొడిచి, లోపల కొబ్బరి పీచు పరిచి, నాలుగు ఆకులు వేసిన పాలకూర నారు కుదురుగా నిలబెట్టాను. కప్పు అడుగు మాత్రమే తడిసేటంత ఎత్తుకు పోషక ద్రావణం పోస్తే ఏర్పాటు పూర్తయినట్టే.

ఈ పద్ధతిలోని తెలివి మొక్క నీళ్ళు తాగుతున్నకొద్దీ మట్టం దిగడంలో ఉంది. దిగిన మట్టానికీ కప్పుకూ మధ్య తేమగా ఉండే ఖాళీ జాగాలో వేళ్ళు గాలిని పీలుస్తాయి, కింది వేళ్ళు నీళ్ళూ పోషకాలూ తీసుకొంటాయి. ఈ సంగతి నేను అమ్మకు సరిగ్గా చెప్పలేదు. మూడో వారంలో నేను విజయవాడ వెళ్ళి వచ్చేసరికి, నీళ్ళు తగ్గాయని ఆమె డబ్బాను నిండుగా నింపింది. గాలికి అలవాటుపడిన వేళ్ళన్నీ మునిగిపోయాయి, మొక్కలు రెండు రోజుల్లో తలలు వాల్చేశాయి. “నీళ్ళలో పెరిగే మొక్కకు నీళ్ళు ఎక్కువవుతాయా నాయనా?” అని ఆమె అడిగిన ప్రశ్నకు నేను చాలాసేపు జవాబు వెతుక్కోవలసివచ్చింది. ఆ తరువాత డబ్బా పక్కన స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, మట్టం ఎంత దిగినా అంతకు మించి పోయవద్దని చెప్పాను.

ఇక ఎరువుల విషయం. ఇంటి సాగు చాలావరకు చెడేది ఇక్కడే. ఎరువుల కొట్టుకు వెళ్ళి నీళ్ళలో కరిగేది కావాలంటే ముందుగా చేతిలో పెట్టేది 19-19-19 (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్‌ల శాతాలు). అది మట్టిలో వేసిన పంటకూ, ఆకుల మీద పిచికారీకీ పనికివస్తుంది. అయితే అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మార్చిపెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్నంతగా డబ్బా నీళ్ళలో ఉండవు, పైగా అందులో కాల్షియమూ లేదు. మేము 10 లీటర్ల నీటికి కాల్షియం నైట్రేట్ 7 గ్రాములు, 13-0-45 (పొటాషియం నైట్రేట్) నాలుగు గ్రాములు, 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) రెండు గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు, ఇనుము కలిసిన సూక్ష్మపోషకాల పొడి పొట్లం మీద రాసిన మోతాదులో వాడాము. లేత నారుకు ఇందులో సగం చాలు. కాల్షియం నైట్రేటును మిగతావాటితో చిక్కగా ఎప్పుడూ కలపకూడదు, కలిపితే సున్నంలా తెల్లగా పేరుకుపోతుంది. దాన్ని విడిగా ఒక చెంబు నీళ్ళలో కరిగించి చివర పోయాలి. వీటిలో నైట్రేట్లు విమానంలో నిషిద్ధం కాబట్టి ఇక్కడినుంచి మోసుకువెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు, అక్కడే కొనాలి.

నీళ్ళు కూడా చూసుకోవాలి. మా అపార్టుమెంటు బోరు నీళ్ళలో, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను 900 చూపించింది, అంటే ఎరువు వేయకముందే సగం గిన్నె నిండినట్టు. ఆ నీళ్ళతో పెంచిన మొదటి మొక్కల లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపుగా మారింది. క్షారగుణం ఎక్కువైతే ఇనుము వేళ్ళకు అందదు. కృష్ణా నీళ్ళు వచ్చిన రోజున రెండు బిందెలు పట్టి ఉంచుకొంటే ఆ బాధ చాలావరకు తీరింది. ద్రావణంలో పులుపెంతో క్షారమెంతో చెప్పే కొలత, పీహెచ్, ఆరు దగ్గర ఉండాలి. నిమ్మరసం పిండితే దిగుతుంది కానీ ఆ దిగినది నిలవదు.

వెలుతురు తగిలితే ద్రావణంలో పాచి పడుతుంది కాబట్టి డబ్బా చుట్టూ పాత గోనెపట్టా చుట్టాలి. డెంగీని మోసుకొచ్చే దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, అందుకని కప్పు అంచుల్లో సందు కనిపించిన చోటల్లా దూది కుక్కాలి. వానాకాలంలో ఈ జాగ్రత్త తీసుకోలేనివారు ఆ నెలల్లో సాగే మానుకోవడం నయం.

బజారులో ఆకుకూర కట్ట ధరతో పోల్చి ఇది లాభమని నేను వాదించను, అది నిజం కాదు. ఈ నూనె డబ్బా పాడైతే బాగుచేసుకోవడానికి కావలసినవన్నీ అమ్మ నడిచి వెళ్ళగలిగే దూరంలో దొరుకుతాయి, ఏది ఎందుకు చెడిందో ఆమెకే అర్థమవుతుంది. మనం పంపే యంత్రం చెడితే మాత్రం ఆమె అర్ధరాత్రి మనకు వీడియో కాల్ చేయాలి. ఏం పెంచాలన్నది కూడా ఆమె ఇష్టానికే వదలాలి. నేను ముచ్చటపడి వేసిన లెట్యూస్‌ను ఒకసారి నమిలి చూసి పక్కన పెట్టేసింది, పాలకూర, పుదీనా మాత్రం వారానికి రెండుసార్లు కోసుకొంది.

ఎండలు ముదిరితే ఇదంతా ఆపాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 35 డిగ్రీలకు 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది, వేళ్ళు గోధుమరంగు తిరిగి జిగురుగా కుళ్ళుతాయి. మార్చి నెలాఖరున అమ్మ ఆఖరి కోత కోసి, మిగిలిన ద్రావణాన్ని మెట్ల దగ్గరి మందార కుండీలో పోసి, డబ్బా కడిగి బాల్కనీ మూల బోర్లించింది. దీపావళి వెళ్ళాక మళ్ళీ నారు పోస్తుందట, ఈసారి గోంగూర కూడా.