47వ పేజీ, మూడో పేరా గారికి

ఉద్యోగుల హ్యాండ్‌బుక్ 47వ పేజీలో కాపురముంటున్న 'జ్యూరీ డ్యూటీ, సాక్షి హాజరు' పేరా గారికి,

నమస్కారం. పదేళ్లుగా మనం ఒకే కంపెనీలో ఉన్నా ముఖాముఖి కలుసుకోలేదు. చేరినరోజు "హ్యాండ్‌బుక్ అంతా చదివాను, అర్థం చేసుకున్నాను" అని సంతకం పెట్టిన మాట నిజమే. ఆ రోజు నేను చూసింది రెండే సంగతులు: ఇన్సూరెన్సు ఎప్పట్నుంచి, గ్రీన్ కార్డు ఫైలింగ్ ఎప్పట్నుంచి. మీతో నాకు పని లేదు. కోర్టు కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల గుంపే జ్యూరీ, అమెరికాలో అందులో కూర్చోవాలంటే సిటిజన్ అయ్యుండాలి కదా. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న రోజుల్లో, డ్రైవింగ్ లైసెన్సుల లిస్టులోంచి నా పేరు లాగి కౌంటీవాళ్లు (మన జిల్లా లాంటిది) జ్యూరీకి రమ్మని రెండుసార్లు సమన్స్ పంపారు. రెండుసార్లూ "సిటిజన్ కాను" గడిలో టిక్కు కొట్టి తిప్పి పంపాను. ఆ వీసా నాకు చేసిపెట్టిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

తర్వాత సిటిజన్‌గా ఓత్ తీసుకున్నాను. చేతిలో చిన్న జెండా, పక్కన మా ఆవిడ, ఫొటో. ఓటరు కార్డు వచ్చిన నెలకే మూడో సమన్స్ దిగింది. మా మేనేజరూ తెలుగాయనే. విషయం విని, "ఇదివరకు ఏదో గడిలో టిక్కు కొట్టేవారు కదండీ, ఈసారీ అదే కొట్టేయరాదూ?" అన్నారు. కోర్టుకు అబద్ధం చెప్పమని నేరుగా అనలేదు లెండి. సాఫ్ట్‌వేర్ రిలీజు వారం అది, ఆయన బాధ ఆయనది.

అలా మీ గుమ్మం తొక్కాను. మొదటి వాక్యమే కళ్లు చెమర్చేలా ఉంది: "పౌర బాధ్యత నిర్వర్తించే ఉద్యోగులకు అండగా నిలవడం మా సంస్థకు గర్వకారణం." గర్వం ఒక లైను, షరతులు తొమ్మిది లైన్లు. సమన్స్ కాపీ ఇవ్వాలి, క్లర్కు దగ్గర హాజరు పత్రం తేవాలి, కోర్టు తొందరగా వదిలితే ఆఫీసుకు రావాలి, వచ్చిన ఫీజు జీతంలో మినహాయించబడుతుంది, ఈ సదుపాయం రెగ్యులర్ ఫుల్‌టైమ్ వాళ్లకే.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఓవర్‌టైమ్ లేని నాలాంటి జీతగాడు ఆ వారంలో కాస్త పని చేసినా చాలు, జ్యూరీకో సాక్ష్యానికో వెళ్లిన రోజు జీతం కొయ్యకూడదని కేంద్ర కార్మిక శాఖ నిబంధనే ఉంది. కోర్టు ఇచ్చిన ఫీజు మేరకు మాత్రం తగ్గించుకోవచ్చు. అంటే మీరు గర్వంగా ఇస్తున్నది చాలావరకు మీరు ఇవ్వక తప్పనిది. గంటల లెక్కన పనిచేసేవాళ్లకు జ్యూరీ రోజున జీతం ఇవ్వాలని కేంద్ర చట్టం ఎక్కడా చెప్పదు. మేముండే టెక్సాస్ రాష్ట్రమూ చెప్పదు, ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదంటుంది, అంతే. మసాచుసెట్స్‌లో అయితే మొదటి మూడు రోజుల జీతం యజమానే ఇవ్వాలి, నాలుగో రోజు నుంచి రాష్ట్రం రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. చట్టం బలవంతపెట్టని చోట మీ గర్వం గొంతు ఎందుకు పెగల్లేదో కొంచెం చెప్పగలరా?

మా పక్క క్యూబ్‌లో తెలుగబ్బాయే ఒకడు కాంట్రాక్టు మీద ఉన్నాడు. వాడి వెండారు (వాణ్ని మా దగ్గరికి పంపిన కంపెనీ) ఇచ్చిన ఆఫర్ లెటర్ మొత్తం రెండు పేజీలు. 47వ పేజీ దాకా వెళ్లే యోగం వాడికి లేదు. నాలుగు రోజుల కేసులో జ్యూరీకి తగులుకున్నాడు. టెక్సాస్‌లో మొదటిరోజు 20 డాలర్లు, ఆపైన రోజుకు 58. మొత్తం 194. ఎనిమిదేసి గంటల లెక్కన గంటకు ఆరు డాలర్ల చిల్లర. కేంద్రం పెట్టిన కనీస వేతనం 7.25. న్యాయం కాబట్టి కాస్త చవగ్గానే దొరికినట్టుంది. ఇదీ 2023లో పెంచాకే. అంతకుముందు మొదటిరోజుకు ఆరు డాలర్లు.

సరే, నా వంతు. పొద్దున ఎనిమిదింటికి బెల్టు విప్పి, మెటల్ డిటెక్టర్ దాటి హాల్లోకి వెళ్లాను. ఎప్పటికీ బయల్దేరని విమానం కోసం కూర్చున్న గేటులా ఉంది. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే హాలు రెండు ముక్కలైంది. గోడవారన ప్లగ్గుల దగ్గర ల్యాప్‌టాప్‌ల వాళ్లం, మధ్యలో ఫోన్లు పట్టుకుని మాటిమాటికీ బయటికి పోయి షిఫ్టు మార్పించుకునేవాళ్లు. మీరు ఉన్నవాళ్లం ఇటు, మీరు లేనివాళ్లు అటు.

కోర్టుగదిలో నా పక్కన కూర్చున్నాయన గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. టైర్ల షాపట. జడ్జిగారు "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?" అనగానే చెయ్యెత్తి, వారం రోజులు పనికి పోకపోతే అద్దె కట్టలేనన్నాడు. గొంతు వణకలేదు, గోళ్లు మాత్రం అరచేతిలోకి ముడుచుకున్నాడు. జీతం పోతుందన్న కారణంతో వదలాలంటే రెండు పక్షాలవాళ్లూ అక్కడే ఉండి ఒప్పుకోవాలి, అదీ టెక్సాస్ చట్టం. డబ్బూ ఇవ్వదు, పోనూ పోనివ్వదు. అమ్మా పెట్టదు, అడుక్కునీ తిననివ్వదంటే ఇదే. లాయర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెనక వంటమనిషి ఒకామె, డెలివరీ కుర్రాడొకడు. సాయంత్రానికి పన్నెండు కుర్చీల్లో మిగిలినవాళ్లను చూస్తే బ్యాంకు ఆఫీసరు, స్కూలు టీచరు, రిటైరైన పెద్దాయన, ఇన్సూరెన్సు కంపెనీ ఆవిడ. 'తోటి పౌరుల చేత విచారణ' అంటే నిందితుడి తోటివాళ్లనుకున్నాను ఇన్నాళ్లూ. హెచ్‌ఆర్ ఉన్న కంపెనీల తోటివాళ్లని అక్కడ తెలిసింది. నా నంబరు 38, అందాకా రాకుండానే నిండిపోయింది. మీ షరతు ప్రకారం నాలుగున్నరకు ఆఫీసుకొచ్చి రాత్రి పదకొండింటిదాకా రిలీజు చూశాను.

ఇంక ఆ ఇరవై డాలర్ల కథ. కోర్టువాళ్లు ఇచ్చిన కాగితంలో, మీ జ్యూరీ ఫీజు దానం చెయ్యదలచుకుంటే ఫలానా నిధులు అని ఉంటుంది. హారతి పళ్లెం ముందుకొచ్చాక జేబు తడుముకోకుండా ఎవడుంటాడు? నేరబాధితుల నిధికి టిక్కు పెట్టి, గర్వకారణం అనుకుంటూ ఇంటికొచ్చాను (మీ మాటే వాడుకున్నాను, ఏమీ అనుకోకండి). రెండు వారాలకు పేస్లిప్పులో 'జ్యూరీ ఆఫ్‌సెట్: మైనస్ 20.00'. అయ్యా, ఆ డబ్బు నా చేతికి రాలేదని పేరోల్‌కి రాశాను. "ఫీజు రాకపోవడం వేరు, వచ్చినదాన్ని దానం చెయ్యడం వేరు" అని జవాబు. మళ్లీ రాశాను. ఈసారి మిమ్మల్ని పూర్తిగా కాపీ చేసి పంపారు, గర్వకారణంతో సహా. మూడోసారి రాయబోతుంటే మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి, "దానం చేసింది మీరు, పోయింది మీ ఇరవై. సరిపోయిందిగా!" అంది. ఆవిడ అకౌంటెంటు.

అయినా ఊరుకోలేక రాజ్యాంగం తెరిచాను. 1791 నాటి ఏడో సవరణ ప్రకారం, సివిల్ తగాదా విలువ ఇరవై డాలర్లు దాటితే జ్యూరీ విచారణ హక్కు. దాటాలిట. నాది సరిగ్గా ఇరవై.

ఇంతవరకూ మీ పేరులో మొదటి సగమే. కామా తర్వాత 'సాక్షి హాజరు' ఉందిగా, అసలు నొప్పి అక్కడ.

ఒక సాయంత్రం రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. కళ్ల ముందే తెల్ల పికప్ ట్రక్కు ఒకటి ఆగకుండా వచ్చి, ఎడమకు తిరుగుతున్న చిన్న కారుని గుద్దింది. దిగి, పోలీసుకు నా ఫోన్ నంబరు ఇచ్చాను. ఏడాదిన్నర తర్వాత సాక్ష్యానికి రమ్మని ఇంటికి కోర్టు సబ్‌పీనా వచ్చింది, దానికి పిన్ను కొట్టి పది డాలర్ల చెక్కు. టెక్సాస్ సివిల్ కేసులో సాక్షి రోజుకూలి అంతే, రానుపోను ఖర్చులూ అందులోనే.

మీ ఆఖరి వాక్యం అప్పుడు చదివాను: "సంస్థ తరఫున సాక్ష్యమిచ్చే సందర్భంలో జీతంతో కూడిన సెలవు, తక్కిన సందర్భాల్లో ఉద్యోగి తన పీటీఓ (జీతంతో కూడిన సొంత సెలవు) వాడుకోవలెను." తెలివి మెచ్చుకోవాలి. జీతం కొయ్యొద్దంది నిబంధన, సెలవుల డబ్బాలో చెయ్యి పెట్టొద్దని మాత్రం అనలేదు. మీరొక్కరే కాదు లెండి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 'కోర్టు లీవు'లోనూ ప్రభుత్వమేదీ కక్షిదారు కాని ప్రైవేటు కేసులో సాక్ష్యమైతే సొంత సెలవే. కానీ ఒక్కసారి ఆలోచించండి. జ్యూరీలో కూర్చునేవాడి అర్హతే ఏమీ చూడకపోవడం. యాక్సిడెంట్ కళ్లారా చూశానని చెప్పి చూడండి, లాయర్లు వెంటనే లేపి పంపేస్తారు. ఏమీ చూడనివాడికి జీతం, చూసినవాడికి పీటీఓ కోత. ఆ సాయంత్రం సిగ్నల్ దగ్గర ఫోన్ చూసుకుంటూ ఉండుంటే నాకు ఒకరోజు మిగిలేది. మా ఇళ్లల్లో పీటీఓ అంటే సెలవు కాదండీ, అమ్మానాన్నల్ని చూసే రోజుల లెక్క.

ఎనిమిదిన్నర నుంచి కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాను. పదకొండూ నలభైకి లాయరమ్మ వచ్చి, నవ్వుతూ "రీసెట్" అంది. రాత్రి ఇండియాకు ఫోన్ చేసి నాన్నకు చెప్తే, "అంటే వాయిదా అన్నమాట" అన్నాడు. పొలం గట్టు తగాదాలో సాక్షిగా తిరిగినాయన. మన దగ్గర జ్యూరీ, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతిని నిర్దోషి అని 1959 నాటి ఆ కేసులో పరువు పోగొట్టుకుని, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి కనబడకుండా పోయింది. సాక్షి మాత్రం బెంచీ మీదే ఉన్నాడు.

"ఇది ఎన్నో వాయిదారా?"

"మొదటిదే నాన్నా."

"మరి అప్పుడే కంగారెందుకు? బత్తా ఇచ్చారా?"

ఇచ్చారు. ఆ పది డాలర్ల చెక్కు మా ఫ్రిజ్ మీద, మాగ్నెట్ కింద ఉంది. రీసెట్ తారీఖు వచ్చే నెల. ఇంకో పీటీఓ ఇప్పుడే పెట్టేశాను. టైమ్‌షీట్‌లో మాత్రం ఒకచోట ఆగిపోయాను. జ్యూరీ ఫీజుకైతే 'ఆఫ్‌సెట్' అని కోడ్ ఉంది, సాక్షి చెక్కుకు ఏదీ కనబడటం లేదు. దీన్నీ మీకే జమ చెయ్యాలా, చేస్తే ఏ కోడ్ కింద వెయ్యాలి, వీలైనంత త్వరగా తెలుపగలరు.

ఇట్లు,
చదివి అర్థం చేసుకున్నానని పదేళ్ల క్రితం సంతకం పెట్టినవాడు