సూపర్ కంప్యూటర్లు సరే, తుఫానులోకి విమానమేది?

తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్నది ఇప్పుడు మునుపటంత చిక్కుప్రశ్న కాదు. 2014లో హుద్‌హుద్ విశాఖ వైపే వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. అక్కడికే వచ్చింది.

తలనొప్పంతా బలంతోనే. తుఫానును అటో ఇటో తోసేది చుట్టూ వందల కిలోమీటర్ల మేర వీచే పైగాలులు. వాటిని వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు బాగానే పట్టుకుంటాయి. ఎంత ఉగ్రమవుతుందన్నది మాత్రం తుఫాను నడిమధ్య ఉండే కన్ను చుట్టూ పదుల కిలోమీటర్లలో, కింద నీటి వేడిలో తేలుతుంది. ఈ మోడళ్లు భూమిని గడులుగా విడగొట్టి లెక్కగడతాయి. 12 కిలోమీటర్ల గడుల నుంచి 6 కిలోమీటర్లకు దిగిన మన మోడల్ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మేలో వచ్చింది. పుణెలో అర్క, నోయిడాలో అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు ఉండనే ఉన్నాయి. సంతోషం. కానీ ఆ గడుల్లో పోయడానికి కొలతలేవి?

బంగాళాఖాతం నడిమధ్య తుఫాను బలాన్ని ఇప్పటికీ ప్రధానంగా ఉపగ్రహ చిత్రం చూసే అంచనా కడతారు. మేఘాల చుట్ట ఎలా ఉందో నమూనాలతో పోల్చి బలానికి టీ-నంబర్ అనే అంకె వేస్తారు. 4 వేస్తే గాలి గంటకు సుమారు 120 కిలోమీటర్లు, 4.5 వేస్తే 142. అర అంకె తేడాకే ఇంత! అమెరికా వాళ్లు తుఫాను కంట్లోకే విమానం పంపి, పరికరాలు జారవిడిచి కొలుస్తారు. 2023లో మెక్సికోలోని అకపుల్కోను కొట్టిన ఓటిస్ విషయంలో మోడళ్లన్నీ బోల్తా పడ్డాయి. అది ఉపగ్రహ అంచనా కంటే బలంగా ఉందని బయటపెట్టింది లోపలికెళ్లిన విమానమే. మనకు అలాంటి రెగ్యులర్ ఏర్పాటే లేదు.

ఏఐ వచ్చేసిందిగా, ఇంకా విమానాలెందుకు అంటారు కొందరు. గూగుల్ ఏఐ మోడల్ గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇస్తుంది, దారి చెప్పడంలో భేష్. కానీ అది చదువుకున్నది దాదాపు 25 కిలోమీటర్ల గడుల పాత రికార్డులు. వాటిలో కన్నే సరిగ్గా కనబడదు, ఇక బలమెలా తెలుస్తుంది?

అసలు జబ్బు వేరే ఉంది. లెక్కగట్టే యంత్రానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, కొలిచే పనికి ఉండదు. కొలతల కోసం సముద్రంలో తేలేలా వదిలిన బోయాలకు పడవలు కట్టేసి, తీగలు తెంపేస్తుంటే పట్టించుకునేవాళ్లు తక్కువ. మనుషుల లెక్కా అంతే: 2021లో జరగాల్సిన జనగణన 2027కి వెళ్లింది. 6 కిలోమీటర్ల గడిలో ఎంత గాలి వీస్తుందో చెప్పగలం, అక్కడ ఎంతమంది ఉన్నారంటే 2011 జనగణనే తిరగెయ్యాలి.

విమానం సంగతి పార్లమెంటులో అడగాల్సింది మన తీరం ఎంపీలే, నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా, ఏ పార్టీ వాళ్లైనా.