ముప్పావు, గుణకారం, శేషం

రాజమండ్రి ఇన్నీసుపేట చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కుక్క ఎక్కువైపోతే, రాత్రి పదకొండు దాటాక మా మేనత్త గేటు దగ్గరికి వస్తుంది. దానంతట అది రాదు. స్కూటర్ ముందు నిలబడి వస్తుంది, లేదా యాపిల్ పళ్ల అట్టపెట్టెలో పడుకుని వస్తుంది. తెచ్చినవాళ్లు గేటుకి తాడు కట్టేసి, చప్పుడు కాకుండా బండి తోసుకుంటూ సందు చివరిదాకా వెళ్లి అక్కడ స్టార్ట్ చేసుకుంటారు. తెల్లారాక ఆ మనుషులే పాల ప్యాకెట్ కోసం వెళ్తూ గేటు ముందు ఆగి, "మళ్లీ ఇంకోటి తెచ్చారా టీచరుగారూ? మీకు వేరే పని లేదాండీ?" అని నవ్విపోతారు.

అత్త మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. మామయ్య పోయాక ఒంటరితనం భరించలేక కుక్కల్ని చేరదీస్తోందని వీధిలో ఒక సిద్ధాంతం ఉంది. అత్త ఒప్పుకోదు. "మీ మామయ్య ఉన్నప్పుడూ తెచ్చాన్రా. అప్పుడు ఆయన ఒక్కడే తిట్టేవారు, ఇప్పుడు వీధంతా తిడుతోంది. అంతే తేడా" అంటుంది.

కుక్కలకి పేర్లు కూడా తన సబ్జెక్టులోంచే పెట్టింది. లారీ కింద పడి ఒక కాలు పోయినవాడు ముప్పావు. గేటుకి కట్టేసి పోయిన లాబ్రడార్ గుణకారం. అది వచ్చినప్పుడు ఒళ్లు చేసిందనుకున్నారు. కుక్కల గర్భం తొమ్మిది వారాలు. అందులో ఎన్ని వారాలు పాత ఇంట్లోనే గడిపి వచ్చిందో గానీ, వచ్చిన పక్షం రోజుల్లో తొమ్మిది పిల్లల్ని పెట్టింది. తర్వాత ఆపరేషన్ చేయించినా పేరు మాత్రం మార్చలేదు. చేసిన లెక్క చెరపకూడదట. ఆ తొమ్మిదింటినీ నాలుగిళ్లకి రెండేసి చొప్పున పంచగా మిగిలింది శేషం. పంచడం అంటే ఊరికే ఇచ్చేయడం కాదు. ఇల్లు సొంతమా అద్దెదా, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు, పెళ్లి సంబంధానికి కూడా అడగని ప్రశ్నలన్నీ అడిగి మరీ ఇచ్చింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అత్త ఏకాదశికి ఉల్లిపాయ కూడా ముట్టదు. అలాంటిది రోజూ పొద్దున్నే చికెన్ కొట్టు ముందు స్టీలు క్యాను పట్టుకుని నిలబడుతుంది. కోడి మెడలు, కాళ్లు తెచ్చి, పెరట్లో విడిగా పెట్టిన పొయ్యి మీద నూకలు, చిటికెడు పసుపు వేసి ఉడికిస్తుంది. ఉప్పు వేయదు. ముక్కు మాత్రం అటు తిప్పుకుని గరిటె తిప్పుతుంది. కొట్టువాడు ఒకసారి, "ఎప్పుడూ మెడలేనా టీచరుగారూ, పండగపూట ఓ కేజీ బోన్‌లెస్ తీసుకోండి" అన్నాడట. ఆవిడ ఇంటికెళ్లి తలస్నానం చేసింది.

ఎదురింట్లో ఒక రిటైర్డ్ సూపరింటెండెంటుగారు ఉన్నారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని ఆయన ఇంకా పిల్లల్ని భయపెడుతూనే ఉన్నారు. ఇప్పుడు చేతికి వేస్తారనీ, ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలనీ అత్త చెప్పినా ఆయన వినరు. ఒకసారి వీధికుక్కలన్నిటినీ పట్టించి ఊరవతల వదిలేయిస్తానన్నారు. అత్త తాపీగా 2023 నాటి నిబంధనల కాగితం తెచ్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని అందులో ఉంది. ఆయన కళ్లజోడు మర్చిపోయి వచ్చానని లోపలికి వెళ్లారు. మళ్లీ బయటికి రాలేదు.

ఇక అసలు సంగతి. శని, ఆదివారాలు గడుపుదామని హైదరాబాద్ నుంచి వచ్చిన నన్ను అత్త పొద్దున్నే లేపి, "ఇవాళ తారీకెంతరా?" అంది.

"జూలై 6."

"అయితే?"

ఎవరి పుట్టినరోజో గుర్తు రాలేదు.

"1885లో ఇదే రోజు పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ పిల్లాడు బతికాడు. అందుకే ఇవాళ పశువుల ఆస్పత్రిలో కుక్కలకి టీకా ఉచితం. లే, ఆటో మాట్లాడు."

ఆటో అతను కుక్కల్ని చూసి దండం పెట్టేశాడు. "సీటు కవరు నిన్ననే వేయించానండి. రెక్సిన్ కాదండి, వెల్వెట్టండి." అత్త పాత నేత చీర తెచ్చి సీటు మీద పరిచింది. ఛార్జీ మీద ఇంకో వంద అంది. అతను ఒప్పుకున్నాడు గానీ, అద్దం మాత్రం రోడ్డు వైపు కాకుండా సీటు వైపు తిప్పుకున్నాడు. ముప్పావు అత్త ఒళ్లో, శేషం నా కాళ్ల దగ్గర, ముప్ఫై కేజీల గుణకారం నా మీద. గాలి ఆడటం లేదంటే, "మూతి బయటికి పెట్టుకో, అది పెట్టుకోలేదూ?" అంది అత్త.

దేవీచౌక్ దాటాక ఆటో ఆగిపోయింది. ముందు సన్నాయి మేళం. ఆషాఢ మాసం కదా, ఎవరో కొత్త అల్లుడి ఇంటికి సారె పంపుతున్నారు. గోదావరి జిల్లాల సారె గురించి తెలియనివాళ్లకి ఒక్క మాట: అది తిండానికి కాదు, వీడియో తీయడానికి. పట్టుచీరల్లో ఆడవాళ్లు వరసగా పళ్లేలు ఎత్తుకుని వ్యాన్ వైపు నడుస్తున్నారు. తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, అరిసెలు, ఆవకాయ జాడీలు, మెడలో రిబ్బన్లు కట్టిన రెండు మేకపోతులు, మంచుగడ్డల మీద పడుకోబెట్టిన పండుగప్పలు.

గుణకారం ముక్కు పైకెత్తింది. చేపల వాసన తగిలిందనుకుని మెడ పట్టీ గట్టిగా పట్టుకున్నాను. నా పట్టు దానికొక లెక్క కాదు. దూకేసింది. చేపల్ని దాటింది, కాజాల్ని దాటింది, మేకపోతుల వైపు చూడను కూడా చూడలేదు. వరస మధ్యలో వెండి పళ్లెం పట్టుకున్న ఆవిడ ముందుకెళ్లి, బుద్ధిగా కూర్చుని, ముందరి కాలు పైకెత్తి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

"ఛీ! ఛీ! ఎవరిదండీ ఈ కుక్క?" అందావిడ. గుణకారం ఇంకో కాలు ఎత్తింది.

అప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ల వెనకనుంచి ఏడెనిమిదేళ్ల పిల్లాడు బయటికొచ్చి, "అమ్మా! మన కోకో!" అని అరిచాడు. సన్నాయి అతను కూడా ఊదడం ఆపేశాడు.

"కోకో ఏంట్రా, అన్ని లాబ్రడార్లూ ఒకేలా ఉంటాయి."

"చెవి వెనకాల తెల్లమచ్చ ఉందిగా! కోకో అమలాపురంలో తాతగారి కొబ్బరితోటలో ఉందన్నావు కదా?"

తాతగారు వెనకే ఆవకాయ జాడీ మోస్తున్నారు. "నా తోటా? అది అమ్మేసి మూడేళ్లయింది కదమ్మా!" అన్నారు, పాపం, అమాయకంగా.

ఈలోగా అత్త ముప్పావుని చంకనేసుకుని ఆటో దిగింది. గొంతు పెంచలేదు. ముప్ఫై మంది పిల్లల క్లాసుని నిశ్శబ్దం చేసే గొంతు అది, పెంచక్కర్లేదు. "జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960. 11వ సెక్షన్. తిండీ నీళ్లూ లేక అల్లాడేలా జంతువుని వదిలేస్తే నేరం. మొదటిసారైతే 10 నుంచి 50 రూపాయల దాకా జరిమానా."

"యాభయ్యేనాండీ?" అన్నాడు ఆటో అతను వెనకనుంచి. "రాంగ్ రూట్లో వెళ్తే మాకంతకన్నా ఎక్కువ రాస్తారండి!"

పిల్లాడి తండ్రి చుట్టూ ఉన్న సెల్‌ఫోన్లని చూసి, గబగబా పర్సు తీసి ఐదు వందల నోటు చాచాడు. అత్త ముట్టుకోలేదు. "జరిమానా కోర్టులో కడతారు, నాక్కాదు. నాకు రావాల్సింది వేరే ఉంది. కాన్పు ఖర్చు, తొమ్మిది పిల్లలకి పాలు, నులిపురుగుల మందు, టీకాలు, ఆపరేషను, ఆ తర్వాత రోజుకి కేజీ నూకలు..." అని నోటితోనే కూడుతూ వెళ్లింది. మొత్తం చెప్పేసరికి ఆయన పర్సు మూసేశాడు.

మనుషులందరూ ఈ లెక్కలో ఉండగా, శేషం తన లెక్క తను చూసుకుంది. తన కన్నా పొడుగైన పండుగప్పని తోక పట్టుకుని ఆటో కిందికి ఈడ్చుకుపోయింది. గుణకారం కూడా షేక్‌హ్యాండ్‌తో పని కాదని తేల్చుకుని, పళ్లెంలో ఉన్నన్ని కాజాలు లాగించింది. వీడియో తీస్తున్న కుర్రాడు, "నూటొక్క రకాలని టైటిల్ వేసేశాం సార్, ఇప్పుడెలా?" అని కంగారు పడ్డాడు. చేప ముళ్లు గొంతులో అడ్డం పడతాయని అత్త దాన్ని శేషం నోట్లోంచి లాగేసింది. తిరిగి ఇవ్వబోతే పళ్లెం ఆవిడ మొహం తిప్పుకుంది.

రాహుకాలం వచ్చేస్తోందని ఎవరో అరిచారు. మేళం మళ్లీ మొదలైంది. పిల్లాడు కదల్లేదు. "నేను కోకోని చూడ్డానికి రావచ్చా?" అన్నాడు.

"ఆదివారం పదింటికి రా. లెక్కల పుస్తకం తెచ్చుకో" అంది అత్త. పిల్లాడి మొహంలో సంతోషం సగానికి పడిపోయింది.

ఆస్పత్రిలో గేదెలు, మేకలు, లుంగీలో చుట్టి తెచ్చిన ఒక పిల్లి. మూడు ఇంజెక్షన్లకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ముప్పావు పళ్లు కొరకలేదు, శేషం ఏడవలేదు. కాంపౌండరు మాత్రం టీకా వేస్తున్నంతసేపూ నా చేతిలో ఉన్న పండుగప్పనే చూశాడు. శాకాహారుల ఇంటి పిల్లాణ్ని, దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలియడం లేదు. ఆయన చేతిలో పెట్టేసి బయటపడ్డాను.

తిరుగు ప్రయాణంలో గుణకారం కాజాలన్నీ కక్కేసింది. చీర మీద కాదు. చీర జరిగిన చోట, వెల్వెట్ మీద.

ఇంటి ముందు ఆటో ఆగాక అత్త బక్కెట్లో నీళ్లు తెచ్చి, తనే తుడిచి, కవరుకని ఇంకో మూడు వందలు ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు. చేతులు నలుపుకుంటూ కాసేపు నిలబడ్డాడు.

"డబ్బులొద్దండి. మరేమో, మా స్టాండులో ఓ కుక్కపిల్ల తిరుగుతోందండి. ఒక కన్నే ఉందండి దానికి. మీకు శ్రమ లేకుండా పేరు నేనే పెట్టేశానండి. అర అని."