ఫైరింజను పట్టని సందులు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తి వెళ్లాక విజయవాడ సింగ్‌నగర్ జనం ఫైరింజన్లను ఎన్నడూ లేనంత దగ్గరగా చూశారు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన బండ్లు వీధుల్లో తిరిగి, ఇళ్లలో పేరుకున్న బురదను పైపులతో కడిగాయి. మంటలార్పే బండికి బురద కడిగే పనేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ శాఖ పేరులో విపత్తుల స్పందన ముందు, అగ్నిమాపకం తర్వాత. అయితే ఆనాడు వీధివీధికీ వెళ్లిన బండి, నిప్పంటుకున్న రాత్రి కూడా వెళ్లగలదా? ఇదే ఊళ్లోని పాత వ్యాపార ప్రాంతం వన్‌టౌన్ విషయంలో మాకా నమ్మకం లేదు.

సాయంత్రం ఏడింటికి అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలత చుట్టుపక్కలో, సామారంగం చౌక్ దగ్గరో నిలబడి చూడండి. షాపు మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉంటాయి. మెట్ల ముందు బోర్డు, బోర్డు ముందు రెండు వరసల బైకులు, వాటి పక్కన బేళ్లు దించుతున్న ట్రాలీ ఆటో. ఫైరింజను వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. ఎలాగో దూరినా, తలుపులు తీసి పైపులు విప్పుకునే చోటుండాలి కదా! కింద బట్టల దుకాణం, పైన గోడౌను, ఆ పైన కాపురం ఉన్న మేడలు అక్కడ కొల్లలు. ఇక కొండల మీది ఇళ్లకైతే మెట్ల దారే గతి.

పట్టణాల్లో పిలుపందిన 5 నుంచి 7 నిమిషాల్లో బండి చేరాలన్నది దేశంలో అందరూ ఒప్పుకున్న లెక్క. చేరిందే అనుకుందాం. మామూలు ఫైరింజను ట్యాంకులో పట్టేవి దాదాపు 4,500 లీటర్లు. రెండు నాజిళ్లు పూర్తిగా తెరిస్తే అయిదారు నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత నీళ్లు దగ్గర్లో దొరక్కపోతే బండి వెనక్కి తిరగాల్సిందే. అప్పుడు ఆలస్యమైందని తిట్లు తినేది మాత్రం ఫైర్‌మన్.

కృష్ణ ఒడ్డున, ఏలూరు, బందరు, రైవస్ కాల్వల మధ్య ఉన్న ఊరికి నీళ్ల కరువేమిటని ఎవరైనా అడగొచ్చు. మరమ్మతుల కోసం కాల్వలు కట్టేసేది ఎండాకాలంలో. కరెంటు తీగలు వేడెక్కి మంటలు లేచేదీ ఎండాకాలంలోనే. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టని వెనకటివాళ్లు వెక్కిరించారు. మనం ఆ నుయ్యి ఎక్కడ తవ్వాలో కూడా గుర్తు పెట్టుకోలేదు. ప్రతి మార్కెట్ దగ్గరా ఫైరింజను నీళ్లు నింపుకునే ఒక హైడ్రెంట్ కుళాయి, అది కుదరకపోతే భూగర్భ ట్యాంకు కట్టడం కార్పొరేషన్‌కు మోయలేని ఖర్చేమీ కాదు.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున ఇదే నగరంలో కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. మంట కంటే పొగే ముందు ఊపిరి తీస్తుందని ఊరంతటికీ తెలిసిన రోజది. 15 మీటర్లు, ఆపై ఎత్తున్న వ్యాపార భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలని నిబంధన ఉంది. కాగితం వచ్చాక భవనం చుట్టూ బండి తిరగడానికి వదిలిన జాగాలో జనరేటరో, టిఫిన్ కౌంటరో ఎప్పుడు వెలిసిందో చూసేదెవరు? మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చి తాళం వేస్తే అడిగేదెవరు?

గుంటూరు బాధ వేరు. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో నిప్పు పడితే నీళ్లొక్కటే చాలవు. టిక్కీల (మిర్చి బస్తాల) లోపల నిప్పు రాజుతూనే ఉంటుంది, రోజుల తరబడి తడపాలి. పైగా ఆ ఘాటు పొగలో మాస్కు, గాలి సిలిండరు లేకుండా మనిషి నిలవలేడు. కొత్త బండి కొన్నప్పుడు జెండా ఊపే నాయకులు సిలిండర్లు ఎన్ని పనిచేస్తున్నాయో కూడా ఒకసారి అడిగితే బాగుండు.

ఎత్తయిన నిచ్చెన బండ్లు వద్దని మేం అనడం లేదు. సందుల్లోకి ముందు వెళ్లాల్సింది మాత్రం నీటి తుంపర కొట్టే చిన్న జీపులు, బైకులు. వాటిని వన్‌టౌన్‌లోనే ఉంచాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి మైదానంలో ప్రదర్శన పక్కన పెట్టి, దీపావళి ముందు ఒక సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా, నిండు ట్యాంకుతో ఒక ఫైరింజనును వస్త్రలత దాకా నడపండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో, ఎవరి మెట్లు అడ్డొచ్చాయో చెప్పండి. మర్నాడు మొదటి పేజీలో వేస్తాం.