సవరణ: ప్రాక్స్‌మాక్స్ లైవ్ ఇంపోర్ట్, స్నాప్‌షాట్లపై స్పష్టత

విశాఖపట్నంలోని చిన్న కార్యాలయాల సర్వర్ నిర్వాహకుల కోసం రాసిన గత టపాలో, వర్చువల్ మెషీన్లను (ఒకే సర్వర్‌పై సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే వేర్వేరు కంప్యూటర్లను) వాటిని నడిపే వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ అనే సాఫ్ట్‌వేర్ నుంచి అలాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్ వీఈకి సేవ ఆగకుండా తరలించవచ్చన్న వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి.

2024 ఏప్రిల్‌లో విడుదలైన ప్రాక్స్‌మాక్స్ 8.2 వెర్షన్‌లోని ఇంపోర్ట్ విజార్డ్‌లో (తరలింపును దశలవారీగా చేయించే సాధనంలో) లైవ్ ఇంపోర్ట్, అంటే కాపీ పూర్తికాకముందే మెషీన్‌ను నడిపించే సదుపాయం, సేవ ఆగే సమయాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తొలగించదు. పాత హోస్ట్‌లో (సర్వర్‌లో) మెషీన్‌ను ముందుగా ఆపివేయాలి. ఆ తరువాత అది కొత్త హోస్ట్‌లో పని మొదలుపెడుతుంది, మిగిలిన డిస్క్ డేటా ఆ పని సాగుతుండగానే కాపీ అవుతూ ఉంటుంది. ఈలోగా నెట్‌వర్క్ తెగి ఇంపోర్ట్ విఫలమైతే, అది మొదలైనప్పటి నుంచి కొత్తగా రాసిన డేటా అంతా పోతుంది. బిల్లింగ్, ఆసుపత్రి రికార్డుల వంటి డేటాబేస్‌లకు ఈ నష్టం భరించరానిది కాబట్టి, సెలవు రోజున మెషీన్‌ను ఆపి, మామూలు ఇంపోర్ట్ పూర్తయ్యేదాకా ఆగడమే మేలని నా దృఢాభిప్రాయం. వీశాన్‌పై (పలు సర్వర్ల డిస్కులను కలిపి వాడే వీఎంవేర్ నిల్వపై) ఉన్న డిస్కులను ముందుగా వేరే డేటాస్టోర్‌కు (నిల్వ స్థలానికి) మార్చుకోవాలి.

2025 ఆగస్టు నాటి 9.0 వెర్షన్‌లో షేర్డ్ ఎల్‌వీఎం నిల్వపై (పలు సర్వర్లు ఉమ్మడిగా వాడే ఒక రకం నిల్వపై) స్నాప్‌షాట్ల సదుపాయం, అంటే మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని భద్రపరచే వీలు, వచ్చిన మాట నిజమే గానీ, అది టెక్నాలజీ ప్రివ్యూగానే (ఇంకా పరీక్ష దశలో ఉన్నదిగానే) విడుదలైంది. పైగా స్నాప్‌షాట్ అదే నిల్వపై ఉంటుంది కనుక దాన్ని బ్యాకప్‌గా లెక్కించకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన ఈ నగరంలో, బ్యాకప్ నకలు ఒకటి నగరం వెలుపల తప్పక ఉండాలి.