సెరాపు పుట్టింది సర్పం నుంచి కాదు

ఈ వారంలో ఇది నాలుగోసారి. "సెరాపు అనే దేవదూత పేరు మన సంస్కృత సర్పమే. తొమ్మిది దూతగణాల్లో సెరాపులదే మొదటి స్థానమని బైబిలు చెబుతోంది. అంటే చర్చిలో మొక్కేది ఏదెను తోట పాముకే!" చదువుకున్న మిత్రులే ఈ సందేశం పంపుతున్నారు.

సర్పానికి ధాతువు సృప్, అంటే పాకడం. సెరాపుకు మూలం హీబ్రూ 'సారఫ్', అంటే కాల్చడం. హీబ్రూకు సోదరభాష, ప్రాచీన మెసొపొటేమియా భాష అయిన అక్కాడియన్‌లోనూ ఆ ధాతువుకు అదే అర్థం. బైబిల్లోని యెషయా గ్రంథం 6వ అధ్యాయంలో సెరాపు బలిపీఠం మీది నిప్పును పటకారుతో తీసి ప్రవక్త పెదవులకు తాకిస్తాడు. పేరులోని నిప్పే చేతిలోనూ ఉంది. చెవికి ఒకేలా వినిపిస్తే చాలంటే మన షరాబు కూడా దేవదూతే కావాలి! ఆ మాట నాణేలు మార్చే అరబ్బీ 'సర్రాఫ్' నుంచి వచ్చింది.

తొమ్మిది గణాల వరుస బైబిల్లో లేదు. సుమారు క్రీ.శ. 500లో డయొనీసియస్ పేరుతో వెలువడిన గ్రీకు రచన పేర్చినది అది.

ఇక ఏదెను పాము. ఈ సందేశం మా వీధిలో రోజూ ప్రార్థన చేసుకునే పెద్దావిడకూ చేరింది. "ఇది నిజమా అమ్మా?" అని ఫోను నా చేతికిచ్చి అడిగారు. ఆ ముఖం చూశాక కోపం ఆగలేదు. బైబిలు తొలి గ్రంథం ఆదికాండంలో హవ్వను మోసగించిన పాముకు హీబ్రూలో వాడిన మాట 'నాహాష్'. సెరాపు అన్న మాట ఆ కథలో ఎక్కడా లేదు. సందేశం రాసిన మహానుభావుడు ఆ అధ్యాయం తెరిచి చూశాడా? ఎందుకు చూస్తాడు! చూస్తే సందేశమే మిగలదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సెరాపుకూ పాముకూ సంబంధం ఉంది. సంఖ్యాకాండం 21లో ఎడారిలో ఇశ్రాయేలీయులను కాటేసిన పాములకు ఇదే మాట వాడారు. కాటు మంట వల్ల ఆ పేరు వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. యెషయాలోనే 'ఎగిరే సారఫ్', అంటే ఎగిరే పాము, అన్న మాట రెండుచోట్ల వస్తుంది. క్రీ.పూ. 8వ శతాబ్దపు యూదా రాజ్యపు ముద్రికల మీద రెక్కల నాగుపాములు కనిపిస్తాయి. అక్కడి ప్రజలు ఆ ఎడారి పాము కాటుకు విరుగుడుగా మోషే చేయించిన ఇత్తడి పాముకు ధూపం వేసిన మాట కూడా నిజమే. అందుకే రాజైన హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు. ఆ సంగతి రాసిపెట్టింది కూడా బైబిలే, రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో.